ఎలుక మూత్రపిండంలో న్యూట్రోఫిల్స్ అంతగా చేరినా కాండిడా ఎందుకు తగ్గడం లేదు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెబుతాను. సీ57బీఎల్/6 అనే ల్యాబ్ జాతి ఎలుకలకు తోక సిర ద్వారా కాండిడా ఆల్బికన్స్ అనే ఫంగస్‌ను ఎక్కించారు. నాలుగో రోజున చూస్తే కాలేయంలోను, ప్లీహంలోను ఫంగస్ తగ్గుముఖం పట్టింది. మూత్రపిండాల్లో మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. అయితే న్యూట్రోఫిల్స్, అంటే సూక్ష్మజీవులను మింగి చంపే తెల్ల రక్తకణాలు, అన్నిటికంటే ఎక్కువగా చేరింది కూడా ఆ మూత్రపిండాల్లోనే. ఇది రోగనిరోధక వ్యవస్థ పనిచేస్తున్నట్టా, విఫలమైనట్టా అన్నది మీ మొదటి సందేహం. ఐఎల్-17 అనే రోగనిరోధక సంకేత ప్రోటీన్‌ను అందుకునే గ్రాహకం లేని నాకౌట్ ఎలుకలతో (ఒక జన్యువును పనిచేయకుండా తీసేసిన ఎలుకలతో) ఇదే ప్రయోగం చేస్తే, ఆ ఫలితాన్ని మనుషులకు ఎంతవరకు వర్తింపజేయవచ్చు అన్నది రెండోది.

సూటిగా జవాబు ఇది. నాలుగో రోజున మీరు లెక్కపెడుతున్న న్యూట్రోఫిల్స్ సంఖ్య రక్షణకు కొలమానం కాదు. మూత్రపిండంలో గెలుపోటములు చాలావరకు మొదటి 24 గంటల్లోనే తేలిపోతాయి. ఆ గంటల్లో న్యూట్రోఫిల్స్ అక్కడికి ఆలస్యంగా చేరుతాయి. ఈలోపు ఫంగస్ తంతువులుగా సాగి కణజాలంలోకి చొచ్చుకుపోతుంది. ఆ తర్వాత దండుగా వచ్చే న్యూట్రోఫిల్స్ దాన్ని తుడిచిపెట్టలేకపోగా మూత్రపిండాన్నే దెబ్బతీస్తాయి. రెండో సందేహం విషయానికి వస్తే, ఐఎల్-17 గురించి ఎలుకల నోటి ఇన్ఫెక్షన్‌లో తేలిన విషయాలు మనుషులకు బాగా సరిపోతాయి. రక్తం ద్వారా వ్యాపించే ఇన్ఫెక్షన్‌లో తేలినవి అంతగా సరిపోవు. కారణాలను ఒక్కొక్కటిగా చెబుతాను. నేను పదిహేనేళ్లకు పైగా ఈ నమూనాతోనే పనిచేస్తున్నాను కాబట్టి, పుస్తకాల్లో ఉండని కొన్ని చేతి పనుల సంగతులు కూడా మధ్యలో వస్తాయి.

ముందుగా, రోగనిరోధక ప్రతిస్పందన అనేదాన్ని ఒంటికంతటికీ కలిపి ఒకే ఒక్క సంఘటనగా చూడకూడదు. ఒకే ఎలుకలో, ఒకే రోజున, ఒకే ఫంగస్ మీద ఒక్కో అవయవం ఒక్కో తీరుగా స్పందిస్తుంది. సిరలోకి ఎక్కించిన ఈస్ట్ కణాల్లో అధిక భాగం కొద్దిసేపట్లోనే రక్తప్రవాహంలోంచి తప్పుకొని అవయవాల్లో చిక్కుకుంటుంది. కాలేయంలో సూక్ష్మజీవులను మింగే కుప్ఫర్ కణాలు రక్తనాళాల లోపలే కాపు కాసి ఉంటాయి కనుక, ఫంగస్‌ను అక్కడికక్కడే పట్టుకుంటాయి. న్యూట్రోఫిల్స్ కూడా వెనువెంటనే వచ్చి చేరతాయి. మూత్రపిండంలో అంత వేగం కనిపించదు. మిహైల్ లియోనాకిస్ బృందం 2011లో అవయవాలవారీగా గంటల లెక్కన ఈ రాకను కొలిచి చూపింది: మొదటి రోజున మిగతా అవయవాల్లో న్యూట్రోఫిల్స్ త్వరగా చేరితే, మూత్రపిండంలో మాత్రం ఆలస్యమయ్యాయి, ఆ తర్వాత విపరీతంగా పేరుకుపోయాయి. తంతువులుగా మారిన ఫంగస్ కూడా ప్రధానంగా మూత్రపిండంలోనే కనిపించింది. మీ ఫలితాలు ఈ చిత్రానికి అచ్చంగా సరిపోతున్నాయి. కాబట్టి మీ ప్రయోగంలో తప్పేమీ జరగలేదనే అనుకుంటున్నాను.

ఆ మొదటి గంటల్లో మూత్రపిండాన్ని కాపాడేది అక్కడే స్థిరంగా ఉండే మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు. వాటి మనుగడకు సీఎక్స్3సీఆర్1 అనే గ్రాహకం అవసరం. అది లేని ఎలుకల్లో మూత్రపిండపు మాక్రోఫేజ్‌లు నిలవలేక తగ్గిపోతాయి, ఫంగస్ అదుపు తప్పుతుంది, ఎలుకలు త్వరగా చనిపోతాయి. 2013లో వెలువడిన ఈ పరిశోధనలోనే, ఈ గ్రాహకపు పనితీరును తగ్గించే ఒక మానవ జన్యు రూపాంతరానికీ, రక్తంలో కాండిడా ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశానికీ సంబంధం ఉన్నట్టు తేలింది. ఎలుకల్లో మొదలై మనుషుల దాకా దారి తప్పకుండా వెళ్లిన కొద్ది కథల్లో ఇదొకటి.

ఆలస్యంగా వచ్చిన న్యూట్రోఫిల్స్ చేసే హానికి నిదర్శనం సీసీఆర్1 అనే గ్రాహకం లేని నాకౌట్ ఎలుకలు. న్యూట్రోఫిల్స్ చివరి దశలో మూత్రపిండంలోకి రావడానికి ఈ గ్రాహకం తోడ్పడుతుంది. అది లేని ఎలుకల్లో ఫంగస్ భారం దాదాపు మామూలు ఎలుకల్లో ఉన్నంతే ఉన్నా, మూత్రపిండం తక్కువగా దెబ్బతింది, ఎక్కువ ఎలుకలు బతికాయి. ఫంగస్ తగ్గకుండానే ప్రాణం నిలిచిందంటే, ప్రాణం తీస్తున్నదాంట్లో ఫంగస్ వాటాతో పాటు శరీరం చేసుకుంటున్న హాని వాటా కూడా గణనీయంగా ఉందన్నమాట. మొదటి రకం ఇంటర్‌ఫెరాన్ (మరో సంకేత ప్రోటీన్) గ్రాహకం లేని ఎలుకల్లో కూడా ఇలాంటి ఫలితమే వచ్చింది. అలాగని న్యూట్రోఫిల్స్ చెడ్డవని అనుకోవద్దు. ఇన్ఫెక్షన్‌కు ముందే వాటిని తొలగిస్తే ఎలుక చాలా వేగంగా చనిపోతుంది. కీమోథెరపీ వల్ల న్యూట్రోఫిల్స్ పడిపోయిన రోగులకు కాండిడా ముప్పు పెరగడం కూడా ఇందుకే. అదే కణం మొదటి రోజున రక్షకుడు, నాలుగో రోజున విధ్వంసకుడు.

ఇది కళ్లతో చూస్తే మరింత స్పష్టంగా అర్థమవుతుంది. పీఏఎస్ రంగు వేసిన స్లైడ్‌లో ఫంగస్ కణకవచం ముదురు గులాబీ రంగులో కనిపిస్తుంది. 12 గంటల నాటి మూత్రపిండంలో కార్టెక్స్ (బయటి పొర) అంతటా అక్కడొకటి ఇక్కడొకటిగా ఈస్ట్ కణాలు, కొన్నిటికి అప్పుడే పొడుచుకొస్తున్న పొట్టి మొలకలు ఉంటాయి. చుట్టూ నాళికలు దాదాపు మామూలుగానే ఉంటాయి, న్యూట్రోఫిల్స్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. 48 గంటల స్లైడ్‌లో అవే మొలకలు పొడవాటి దారాలై ఒక నాళిక గోడను చీల్చుకొని పక్క నాళికలోకి దూరి ఉంటాయి. నాలుగో రోజుకు ఆ దారాల చుట్టూ ఖండితమైన కేంద్రకాలతో న్యూట్రోఫిల్స్ గుంపులు గుంపులుగా, మధ్యలో చచ్చిన కణాల ముద్ద, నాళికల జాడే లేకుండా పోయిన ప్రాంతాలు కనిపిస్తాయి. శవపరీక్షలో మూత్రపిండం ఉబ్బి, పాలిపోయి, ఉపరితలం మీద సూది మొనంత తెల్లటి చీము మచ్చలతో ఉంటుంది. మూత్రపిండాన్ని చేతిలోకి తీసుకున్న క్షణంలోనే కాలనీల లెక్క ఎలా ఉండబోతోందో చాలావరకు తెలిసిపోతుంది.

తంతువు ఎందుకంత పెద్ద సమస్య అంటే, న్యూట్రోఫిల్ ఒక ఈస్ట్ కణాన్ని సులువుగా మింగగలదు, తనకంటే పొడవైన తంతువును మింగలేదు. మింగలేని పరిమాణంలో శత్రువు ఎదురైతే న్యూట్రోఫిల్స్ తమ డీఎన్ఏను, విషపూరితమైన ఎంజైములను వలలాగా బయటికి విసురుతాయి. ఈ ఎంపిక పరిమాణాన్ని బట్టి జరుగుతుందనీ, చిన్న కణాన్ని మింగినప్పుడు డెక్టిన్-1 అనే గ్రాహకం ద్వారా వల విసరడం ఆగుతుందనీ 2014లో తేలింది. ఆ వలలు ఫంగస్‌తో పాటు పక్కనున్న నాళికా కణాలను కూడా కాల్చేస్తాయి. పైగా తంతువులు క్యాండిడాలైసిన్ అనే చిన్న పెప్టైడ్‌ను విడుదల చేస్తాయి. ఉపకళా కణాల పొరకు రంధ్రాలు చేసే ఈ విషాన్ని 2016లో గుర్తించారు. అది కణాన్ని దెబ్బతీయడమే కాక, ప్రమాద సంకేతంగా కూడా పనిచేసి మరిన్ని న్యూట్రోఫిల్స్‌ను రప్పిస్తుంది. మూత్రపిండం దెబ్బతిన్నకొద్దీ రక్తంలో యూరియా వంటి వ్యర్థాలు పెరుగుతాయి. ఆ స్థితిలో న్యూట్రోఫిల్స్ గ్లూకోజ్‌ను సరిగా తీసుకోలేక ఫంగస్‌ను చంపే శక్తిని కోల్పోతాయని మూత్రపిండ వ్యాధి ఉన్న ఎలుకల్లో చూపించారు. నాలుగో రోజున సంఖ్య ఎక్కువగా ఉన్నా పని తక్కువగా ఉండడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చునని నా అంచనా.

ఇక శరీరం ఫంగస్‌ను గుర్తుపట్టే తీరు గురించి కొంత విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే మీరు నాకౌట్ ఎలుకలు తెప్పించబోతున్నారు. కాండిడా కణకవచంలో లోపల కైటిన్, దాని మీద బీటా గ్లూకాన్, అన్నిటికంటే పైన మన్నాన్ తొడిగిన ప్రోటీన్లు పొరలుగా ఉంటాయి. బీటా గ్లూకాన్‌ను గుర్తించే గ్రాహకం డెక్టిన్-1 అని గార్డన్ బ్రౌన్, సైమన్ గార్డన్ 2001లో చూపించారు. మన్నాన్‌ను డెక్టిన్-2 గుర్తిస్తుంది. ఈ గ్రాహకాల నుంచి సంకేతం సిక్ అనే కైనేజ్ ఎంజైము ద్వారా కార్డ్9 అనే అనుసంధాన ప్రోటీన్‌కు చేరి, అక్కడి నుంచి కణకేంద్రకానికి వెళ్తుంది. కార్డ్9 లేని ఎలుకలు కాండిడాకు తేలిగ్గా లొంగిపోతాయని 2006లో తెలిసింది. మూడేళ్లకే, 2009లో, కార్డ్9 లోపించిన మనుషుల్లో తీవ్రమైన ఫంగస్ వ్యాధులు వస్తున్నట్టు గుర్తించారు. ఆ రోగుల్లో మెదడుకు ఇన్ఫెక్షన్ సోకడం ఎక్కువ. అది ఎందుకో మళ్లీ ఎలుకల్లోనే వివరణ దొరికింది. మెదడులోని మైక్రోగ్లియా కణాలు కార్డ్9 సాయంతోనే న్యూట్రోఫిల్స్‌ను పిలుస్తాయి; అది లేకపోతే మెదడులోకి న్యూట్రోఫిల్స్ రావు.

డెక్టిన్-1 కథలో ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు తప్పక తెలుసుకోవలసిన మలుపు ఒకటుంది. 2007లో ఒకే పత్రికలో రెండు బృందాలు డెక్టిన్-1 నాకౌట్ ఎలుకల గురించి రాశాయి. ఆ ఎలుకలు కాండిడాకు తేలిగ్గా లొంగుతాయని ఒక బృందం, మామూలు ఎలుకలతో తేడా లేదని ఇంకో బృందం తేల్చాయి. రెండూ నమ్మదగిన ప్రయోగశాలలే, రెండు ప్రయోగాలూ జాగ్రత్తగా చేసినవే. చివరికి 2013లో తేలిందేమిటంటే, వాళ్లు వాడిన కాండిడా స్ట్రెయిన్లు (ఉపరకాలు) వేరు. ఎలుక శరీరంలోకి వెళ్లాక కొన్ని స్ట్రెయిన్లు తమ కణకవచంలో కైటిన్ వంటి భాగాల పాళ్లను మార్చుకొంటాయి. అలా మారిన వాటిని గుర్తించడంలో డెక్టిన్-1 పాత్ర తగ్గిపోతుంది. కాబట్టి నాకౌట్ ఎలుకలో వచ్చిన ఫలితం ఆ జన్యువు గురించి మాత్రమే చెప్పదు, ఆ జన్యువుకూ ఆ ఫంగస్ స్ట్రెయిన్‌కూ మధ్య సంబంధం గురించి చెబుతుంది. మీరు వాడుతున్న ఎస్‌సీ5314 స్ట్రెయిన్‌తో పాటు, రోగి నుంచి సేకరించిన ఇంకో స్ట్రెయిన్‌తో కనీసం ఒకసారైనా ప్రయోగాన్ని సరిచూడమని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం.

ఇప్పుడు ఐఎల్-17. నోటి కాండిడా నమూనాలో, అంటే మత్తిచ్చిన ఎలుక నాలుక కింద కాండిడాతో తడిపిన దూదిని గంటకు పైగా ఉంచే పద్ధతిలో, మామూలు ఎలుక కొద్ది రోజుల్లోనే ఫంగస్‌ను వదిలించుకుంటుంది. ఐఎల్-17 గ్రాహకం లేని ఎలుక వదిలించుకోలేదు. ఐఎల్-17ను తయారుచేసే టీహెచ్17 కణాలకు ఊతమిచ్చే ఐఎల్-23 లేని ఎలుక కూడా అంతే. అదే టీహెచ్1 అనే మరో రకం సహాయక టి కణాల మార్గానికి కీలకమైన ఐఎల్-12 లేనిదైతే పెద్దగా ఇబ్బంది పడదు. 2009లో వచ్చిన ఈ ఫలితాలు అంతవరకు ఉన్న అభిప్రాయాన్ని తలకిందులు చేశాయి, ఎందుకంటే అప్పటిదాకా రక్షణ అంతా టీహెచ్1 కణాలదేనని నమ్మేవాళ్లం. అసలు కాండిడానే ఎప్పుడూ చూడని ఎలుకలో మొదటి రోజుల్లోనే ఐఎల్-17 ఎక్కడి నుంచి వస్తుందంటే, గామా డెల్టా టి కణాల వంటి సహజ లింఫోసైట్ల నుంచి వస్తుంది. ఆ ఐఎల్-17 ఉపకళా కణాలను ప్రేరేపించి, ఫంగస్‌ను చంపే పెప్టైడ్లను, న్యూట్రోఫిల్స్‌ను పిలిచే కీమోకైన్లను తయారు చేయిస్తుంది.

మనుషుల్లో దీనికి ధ్రువీకరణ ఎంత చక్కగా దొరికిందో చూడండి. 2011లో ఐఎల్-17ఎఫ్, ఐఎల్-17 గ్రాహకం జన్యువుల్లో లోపాలున్న వ్యక్తులకు చర్మం, గోళ్లు, నోటి పొరల మీద దీర్ఘకాలం వదలని కాండిడా వ్యాధి ఉన్నట్టు తేలింది. ఏఐఆర్ఈ జన్యులోపం ఉన్నవాళ్లలో తమ ఐఎల్-17 మీద తామే ప్రతిరక్షకాలు తయారుచేసుకోవడం, స్టాట్3 లోపం ఉన్నవాళ్లలో టీహెచ్17 కణాలే తగ్గిపోవడం, సోరియాసిస్‌కు ఐఎల్-17ను అడ్డుకునే మందులు వాడేవాళ్లలో నోటి కాండిడా కొంత పెరగడం, ఇవన్నీ ఒకే దిశను చూపిస్తున్నాయి. కానీ వీళ్లలో ఎవరికీ సాధారణంగా రక్తంలోకి కాండిడా వ్యాపించదు. ఎలుకల్లో మాత్రం ఐఎల్-17 గ్రాహకం తీసేస్తే సిర ద్వారా ఎక్కించిన కాండిడాకు కూడా అవి త్వరగా చనిపోతాయి. 2004లోనే ఇది తెలుసు. మూత్రపిండ నాళికా కణాలు చనిపోకుండా ఐఎల్-17 కాపాడుతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అది ఎలుక విషయంలో నిజమే, అయితే మనిషికి నేరుగా అంటగట్టదగినది కాదు. మీ థీసిస్‌లో ఈ తేడాను పరిచయ అధ్యాయంలోనే రాయండి. పరీక్షకుడు అడిగాక చెప్పడం కంటే అదే గౌరవం.

ఇలాంటి ఎడబాటు ఇంకోటి మైలోపెరాక్సిడేజ్. ఈ ఎంజైము లేని ఎలుకలు కాండిడాకు లొంగిపోతాయి. అదే లోపమున్న మనుషుల్లో అత్యధికులు ఏ ఇబ్బందీ లేకుండా బతుకుతారు. అసలు న్యూట్రోఫిల్స్ విషయంలోనే మనకూ ఎలుకకూ చాలా తేడాలున్నాయి. మన రక్తపు తెల్లకణాల్లో అవి 50 నుంచి 70 శాతం, ఎలుకలో సుమారు 10 నుంచి 25 శాతమే. ఎలుక న్యూట్రోఫిల్స్‌లో డిఫెన్సిన్లు అనే సూక్ష్మజీవినాశక పెప్టైడ్లు లేవు, న్యూట్రోఫిల్స్‌ను పిలిచే ఐఎల్-8 జన్యువే ఎలుకకు లేదు. ఆ పనిని సీఎక్స్‌సీఎల్1, సీఎక్స్‌సీఎల్2 చేస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైన తేడాను మాత్రం చాలామంది పట్టించుకోరు. మనలో చాలామంది పేగుల్లో పసితనం నుంచే కాండిడా ఉంటుంది, మన రక్తంలో దాన్ని గుర్తుపెట్టుకున్న టీహెచ్17 జ్ఞాపక కణాలు తిరుగుతుంటాయి. ల్యాబ్ ఎలుకకు కాండిడా ఆల్బికన్స్ సహజ నివాసి కాదు. యాంటీబయాటిక్స్ ఇచ్చి పేగు బాక్టీరియాను తగ్గిస్తే తప్ప, వయోజన ఎలుక పేగులో చాలా కాండిడా స్ట్రెయిన్లు నిలదొక్కుకోలేవు. అంటే మీ ఎలుక జీవితంలో మొదటిసారిగా, ఒక్క క్షణంలో, లక్షల కణాల రూపంలో రక్తంలోనే కాండిడాను కలుసుకుంటోంది. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో ల్యాబ్ ఎలుకలను ఆరుబయట ఆవరణలో కొన్ని వారాలు వదిలితే, వాటి పేగుల్లో ఫంగస్ పెరిగింది, రక్తంలో గ్రాన్యులోసైట్లు (న్యూట్రోఫిల్స్ వంటి తెల్లకణాలు) కూడా పెరిగాయి. పంజరంలో పెరిగిన ఎలుక రోగనిరోధక వ్యవస్థ ఎంత అమాయకమైనదో ఇంతకంటే చక్కగా చూపిన ప్రయోగం నేను చూడలేదు.

ఎలుక జాతి, అది వచ్చిన చోటు కూడా ఫలితాన్ని తారుమారు చేయగలవు. డీబీఏ/2, ఏ/జే జాతుల్లో కాంప్లిమెంట్ అనే రక్తంలోని రక్షణ ప్రోటీన్లలో ఒకటైన సీ5 జన్యువులో రెండు బేస్ జతలు లోపించాయి. అందువల్ల సీ5 ఉండదు, అవి కాండిడాకు మీ సీ57బీఎల్/6 కంటే చాలా తేలిగ్గా లొంగిపోతాయి. ఒకే జాతి అయినా వేర్వేరు సరఫరాదారుల దగ్గర పేగు బాక్టీరియా వేరుగా ఉంటుంది; తంతువుల వంటి ఒక బాక్టీరియా ఉన్న ఎలుకల పేగుల్లో టీహెచ్17 కణాలు ఎక్కువగా, లేని వాటిలో తక్కువగా ఉంటాయని 2009 నుంచి మనకు తెలుసు. ఐఎల్-17 మీద పనిచేసేవాళ్లు ఒకచోట కొన్న మామూలు ఎలుకలను, ఇంకోచోట పెంచిన నాకౌట్ ఎలుకలను పక్కపక్కన పెట్టి పోల్చడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే అన్ని ప్రాణాలు పోయాక కూడా ఆ తేడా జన్యువుదో, బాక్టీరియాదో చెప్పలేం. ఒకే తల్లి ఈనిన తోబుట్టువులనే పోలిక గుంపుగా వాడండి. ఆడ, మగ ఎలుకలను కలిపి లెక్కించకండి; వయసు, బరువు దగ్గరగా ఉండేలా చూసుకోండి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను, అది మీకు నెలల శ్రమను తప్పించవచ్చు. తొలి ఏళ్లలో ఒక నాకౌట్ జాతి మీద మాకు అద్భుతమైన ఫలితం వచ్చింది: ఆ ఎలుకల మూత్రపిండాల్లో ఫంగస్ సగానికి పైగా తగ్గింది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. నాలుగోసారి నేను కాకుండా మా సహోద్యోగి ఇంజెక్షన్లు చేశారు, తేడా మాయమైంది. వారం రోజులు తలలు పట్టుకున్నాక కారణం దొరికింది. నేను ఎప్పుడూ మామూలు ఎలుకల పంజరాలతో మొదలుపెట్టి, నాకౌట్ ఎలుకలను చివర్న చేసేవాణ్ణి. కాండిడా కణం బరువైనది, గొట్టంలో ఊరికే ఉంచితే అడుగుకు దిగిపోతుంది. నేను ప్రతిసారీ పైభాగం నుంచి సిరంజిలోకి తీసుకోవడం వల్ల, చివరి ఎలుకలకు అందే కణాల సంఖ్య క్రమంగా తగ్గిపోయింది. మేము జన్యువు పని అనుకున్నది నిజానికి గొట్టం అడుగున పేరుకున్న తెల్లటి పొర పని. అప్పటి నుంచి ప్రతి సిరంజికీ ముందు గొట్టాన్ని కలియదిప్పుతాం, గుంపులను కలగలిపి ఇంజెక్ట్ చేస్తాం, పని మొదట్లోను చివర్లోను అదే ద్రవాన్ని అగర్ పళ్లెం మీద పోసి కాలనీలు లెక్కిస్తాం. ఇంజెక్షన్ చేసే వ్యక్తికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకుండా చూస్తాం.

మోతాదు గురించి కూడా అడిగారు. ఎస్‌సీ5314 అయితే సీ57బీఎల్/6 ఎలుకకు లక్ష నుంచి 5 లక్షల కణాల మధ్య ఉంచండి. 10 లక్షలు ఎక్కిస్తే అది కొద్ది రోజుల్లోనే సెప్సిస్ లాంటి స్థితిలోకి వెళ్తుంది, అవయవాల మధ్య తేడాలు చూసే వ్యవధే మీకు ఉండదు. కాండిడాను 30 డిగ్రీల వద్ద పెంచి, కడిగి, మంచు మీద ఉంచండి. వెచ్చగా వదిలేస్తే సిరంజిలోనే మొలకలు వస్తాయి, గుంపులు కడతాయి. తోకను వెచ్చబరిస్తే సిర ఉబ్బి సులువుగా దొరుకుతుంది. ఇంజెక్ట్ చేసేటప్పుడు ప్రతిఘటన తగిలినా, చర్మం కింద తెల్లటి బుడగ లేచినా ఆ ఎలుకకు మోతాదు సరిగా వెళ్లనట్టే. అలాంటి వాటిని తీసేసే నియమాన్ని ప్రయోగానికి ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి, ఫలితం చూశాక కాదు. బరువు 20 శాతం తగ్గితే ప్రయోగాన్ని ముగించి ఎలుకను బాధలేకుండా చంపే పద్ధతి చాలాచోట్ల ఉంది, మీ జంతు నైతిక కమిటీ నిర్ణయించిన హద్దును పాటించండి. చనిపోయే దాకా వేచి ఉండడం వల్ల అదనంగా తెలిసేది దాదాపు ఏమీ లేదని నా దృఢమైన అభిప్రాయం.

కొలిచే పద్ధతుల్లో రెండు ఉచ్చులు ఉన్నాయి. ఒకటి, కాలనీల లెక్క. వంద కణాలున్న తంతువు ముద్ద కూడా పళ్లెం మీద ఒక్క కాలనీగానే మొలుస్తుంది. ప్లీహంలో ఈస్ట్ రూపం ఎక్కువ, మూత్రపిండంలో తంతువులు ఎక్కువ కాబట్టి, మీ లెక్కలో మూత్రపిండపు భారం నిజం కంటే తక్కువగా కనిపిస్తోందని అనుకోవచ్చు. ఫంగస్ డీఎన్ఏను పీసీఆర్ ద్వారా కొలిచి పక్కన పెట్టుకోండి, హిస్టాలజీ మాత్రం తప్పనిసరి. రెండోది, న్యూట్రోఫిల్స్‌ను తొలగించే ప్రతిరక్షకం. ఆర్‌బీ6-8సీ5 అనే ప్రతిరక్షకం న్యూట్రోఫిల్స్ మీదుండే లై6జీ గుర్తుతో పాటు మోనోసైట్ల మీదుండే లై6సీకి కూడా అంటుకుంటుంది, అందువల్ల మోనోసైట్లు కూడా తగ్గుతాయి; మీరు న్యూట్రోఫిల్స్ ఫలితం అనుకున్నది రెండిటి ఫలితం అవుతుంది. 1ఏ8 అనేది లై6జీకే పరిమితం, కానీ అది కణాలను పూర్తిగా తొలగించకుండా వాటి మీది లై6జీని కప్పేసి, ఫ్లో సైటోమెట్రీలో (కణాలను గుర్తులను బట్టి లెక్కించే పరీక్షలో) కణాలు లేనట్టు భ్రమ కలిగించవచ్చు. కాబట్టి తొలగింపును ఇంకో గుర్తుతో నిర్ధారించుకోండి. మూత్రపిండం నిండా రక్తమే కనుక, నాళంలో ఉన్న న్యూట్రోఫిల్‌ను, కణజాలంలోకి దిగిన న్యూట్రోఫిల్‌ను విడదీయడానికి, అవయవాన్ని తీసే కొద్ది నిమిషాల ముందు సిరలోకి రంగు కట్టిన, తెల్లకణాలకు అంటుకునే సీడీ45 ప్రతిరక్షకాన్ని ఎక్కించడం మంచి పద్ధతి.

మీ పక్క బెంచీ వాళ్లు ఆస్పర్జిలస్ అనే మరో ఫంగస్‌తో చేస్తున్నారని, వాళ్ల ఎలుకలకు ఏమీ కావడం లేదని కూడా రాశారు. అది సహజం. ఆరోగ్యంగా ఉన్న ఎలుక ఊపిరితిత్తులు ఆస్పర్జిలస్ ఫ్యూమిగేటస్ సిద్ధబీజాలను శుభ్రం చేసేస్తాయి. ఆ బీజం మీదున్న జలవికర్షక ప్రోటీన్ పొర దాన్ని కనిపించకుండా దాచి ఉంచుతుంది; మొలకెత్తడానికి ఉబ్బినప్పుడే బీటా గ్లూకాన్ బయటపడి, అలారం మోగుతుంది. వ్యాధి రావాలంటే సైక్లోఫాస్ఫమైడ్‌తో న్యూట్రోఫిల్స్‌ను పడగొట్టాలి, లేదా స్టెరాయిడ్ ఇవ్వాలి. అయితే ఈ రెండూ వేర్వేరు వ్యాధులు: మొదటిదాంట్లో ఊపిరితిత్తి నిండా తంతువులు, వాపు తక్కువ, రెండోదాంట్లో తంతువులు తక్కువ, న్యూట్రోఫిల్స్‌తో నిండిన వాపు ఎక్కువ. క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మరీ వేరు. అక్కడ రక్షణ టీహెచ్1 మీద ఆధారపడుతుంది, మీ సీ57బీఎల్/6 ఎలుక టీహెచ్2 (అలర్జీ తరహా) స్పందన వైపు మొగ్గి ఊపిరితిత్తుల్లో ఇసినోఫిల్స్ నింపుకొని ఓడిపోతుంది, బాల్బ్/సీ జాతి దానికంటే మెరుగ్గా తట్టుకుంటుంది. కాండిడాలో నేర్చుకున్నదాన్ని వాటికి అలాగే అంటించకూడదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. మోతాదు సరిచూడడానికి ముందు కొంచెం కాండిడా ఎక్కించిన ఎలుకలనే మళ్లీ ప్రధాన ప్రయోగంలో వాడవచ్చా అని అడిగారు. వాడకూడదు. చిన్న మోతాదు కాండిడా తగిలిన ఎలుక, టి, బి కణాలు లేకపోయినా, తర్వాతి పెద్ద మోతాదును తట్టుకోగలదని 2012లో మిహాయ్ నెటియా బృందం చూపించింది. మోనోసైట్ల జన్యు పదార్థం మీద ఉండే గుర్తులు మారి అవి మరింత చురుగ్గా స్పందించడమే దానికి కారణం. ఆ ఎలుకలు మీ లెక్కకు ఇక కొత్తవి కావు.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న నమూనాలతో ముందుగా ఈ పని చేయండి. ప్రతి ఎలుక నుంచి ఒక మూత్రపిండాన్ని ఫార్మలిన్‌లో పెట్టానని రాశారు కాబట్టి, వాటిని కోయించి పీఏఎస్ రంగు వేయించండి. తర్వాతి విడతలో 6, 12, 24, 48 గంటలకు, నాలుగో రోజుకు ఒక్కో గుంపును తీసుకొని, రక్తంలో యూరియా, క్రియాటినిన్ కూడా కొలవండి. ఫంగస్ భారం, మూత్రపిండపు దెబ్బ రెండూ ఒకే పట్టికలో పక్కపక్కన ఉంటే, ఐఎల్-17 నాకౌట్‌లో మారింది ఏదో, ఫంగస్‌ను చంపడమా లేక దెబ్బను తట్టుకోవడమా అన్నది తేలుతుంది. 24 గంటల స్లైడ్‌లో తంతువులు ఎంత పొడవున్నాయో, వాటి చుట్టూ న్యూట్రోఫిల్స్ ఉన్నాయో లేవో చూసి ఇక్కడే రాయండి. దాన్నిబట్టి సీఎక్స్3సీఆర్1 మాక్రోఫేజ్‌ల వైపు వెళ్లాలా, నాళికా కణాల వైపు వెళ్లాలా అన్నది చెప్పగలను.